దిగింది, లేచింది, ఆగింది

ములుగు రోడ్డు మీద మా షెడ్డు ముందట
తెల్ల స్విఫ్టు ఆపి దిగిండు అఖిలేశు.
డిక్కీల నాలుగు ఎర్ర స్ప్రింగులు,
కొత్త గాజుల లెక్క కాగితంల చుట్టి తెచ్చిండు.
"అన్నా, నలబై మిల్లీమీటర్లు దింపాలె.
టైరుకూ మడ్గాట్‌కూ నడుమ
అరచెయ్యి దూరొద్దు."

షాకులో? అన్న.
"పాతయే ఉన్నయి గద. మంచిగనే ఉన్నయి."

పానా కింద పెట్టి చెప్పిన:
స్ప్రింగు బరువు మోస్తది, అంతే.
మోసి ఊకుండదు.
దెబ్బ తిన్నప్పుడల్ల లేస్తది,
లేసి కూసుంటది, కూసోని మళ్ల లేస్తది.
ఇగ చాలు అని దాని రెక్క పట్టేది షాకు.
లోపట నూనె, సన్న రంధ్రం,
ఆ రంధ్రంలకెల్లి నూనె జారేంత నిమ్మళం.
నువ్వు తెచ్చింది పొట్టిది, బిర్రుగున్నది.
కంపెనీవాడు నీ షాకును
మెత్తటి పొడుగు స్ప్రింగుకు చేసిండు.
కారు దిగితే రాడ్డు సగం లోపట్నే ఇరుక్కుంటది,
గుంత గుంతకు పోయి అడుగు రబ్బరుకు గుద్దుకుంటది.
జాకీ ఎత్తి సూడు,
పొట్టి స్ప్రింగు గిన్నెల గంటె లెక్క
లొడలొడ అంటది.

"పెండ్లి జోడీ లెక్కనా అన్నా" అని నవ్విండు.

కాదు.
పెండ్లిల మనుషులు సర్దుకుంటరు.
ఇనుము సర్దుకోదు.

గట్టి పొట్టి షాకుల ధర చెప్పంగనే
ఎనుమాముల యార్డుల రేటు విన్న
మిర్చి రైతు మొఖం అయ్యింది వాని మొఖం.
హంటర్ రోడ్డు దిక్కు ఎవరో
పాతయాటి మీదనే
పొద్దూకేసరికి బిగించి ఇచ్చిండట.

పదిహేడు దినాలకు మళ్ల వచ్చిండు.
కారు కన్న ముందు వాసనొచ్చింది.
పులిసిన కల్లు.

నర్సంపేట అవతల చిన్నమ్మ ఇంటికి పోయి
ఆమెనూ, ఆమె కాళ్ల నడుమ కల్లు లొట్టినీ
ఎక్కించుకొని వస్తాండట.
గీసుగొండ దాటినంక స్పీడ్ బ్రేకరు. చిన్నదేనట.
కారు లేచింది, కూసుంది,
లేచింది, కూసుంది,
నాలుగోసారికి లొట్టి పగిలింది.
చిన్నమ్మ తిట్టిన తిట్లు వాడు చెప్పలేదు.
మైబు అడిగి అడిగి చెప్పించుకున్నడు.

ముందటి ఎడమ షాకు మీద చెయ్యి పెట్టిన.
నూనె. దుమ్ము పట్టి నల్లటి జిగట.
జలుబు చేసిన పోరని ముక్కు లెక్క కారుతాంది.

అప్పుడే చెప్పిన్న లేదా అని
అందామనుకున్న, అన్లే.
వాని వయసుల నేను సుత
ఒకని జీపును ఇష్టమొచ్చినట్టు లేపి
పరకాల కాడ పొలంల పండబెట్టిన.

క్లాంపులు పెట్టి స్ప్రింగును బిగిస్తాంటే
మైబును పక్కకు జరుగుమన్న.
బిగబట్టిన స్ప్రింగుకు ఎదురుంగ
ఎవ్వరూ నిలవొద్దు.
మా ఉస్తాదు రహమత్ మియా దవడ మీద
పొడుగు గీత ఉండె.
దాని సంగతి ఎన్నడూ చెప్పలే,
చెయ్యి పట్టి జరిపేటోడు, అంతే.

కొత్త షాకులు, ఎర్ర స్ప్రింగులు,
పై మౌంటు, రబ్బరు, నట్టు.
మధ్యాహ్నం అన్నం మర్చిపోయినం.

కారు దించి బానెట్ మూల మీద
రెండు చేతులు పెట్టి ఒత్తి వదిలిన.
దిగింది. లేచింది.
ఆగింది.

అఖిలేశు నమ్మలే. వాడు ఒత్తిండు.
మైబు ఒత్తిండు.
చాయ్ తెచ్చిన పోరడు గ్లాసులు నేల మీద పెట్టి
వాడు సుత ఒత్తి సూసిండు.
ఆగింది.

అలైన్‌మెంటు చేపించుకో, అన్న.
వారం తిరిగినంక వచ్చి నట్లు సూపించుకో.
చిన్నమ్మ ఎట్లుంది?
"బస్సుకే వస్తదట అన్నా, ఇగ."

పైసలు రెండు వాయిదాలల్ల ఇస్తనన్నడు.
సరే అన్న.
మలుపు కాడ గుంతల పడ్డప్పుడు
వెనక ఎర్ర లైట్లు
ఒక్కసారే ఎగిరి నిలిచినయి.

షెడ్డుల మాత్రం
కల్లు వాసన మూడు దినాలున్నది.