మూడో బెజ్జం

నల్లపాడులో మా వెనక గోడ
మట్టి పెట్టి కట్టిన ఇటుక గోడ, గిలాబా లేదు.
మిర్చియార్డు నుంచి వచ్చి
మండే చేతులు మజ్జిగలో ముంచి కూర్చుంటే
దానికేసి తప్ప చూడ్డానికేం ఉండదు.

ఇటుకల సందుల్లో పదకొండు బెజ్జాలు.
మూడోది తవ్వుతుండగానే చూశాను, మాఘంలో.
నడుముకి నీలి చారలున్న తుమ్మెద,
నా బొటనవేలి గోరంత.
నోటితో తొలిచి, వెనక్కాళ్ళతో మట్టి తోసి,
ఒంట్లో కుట్టుమిషను తిరుగుతున్నట్టు రొద.
ఆ రొదకే హుసేన్‌బీ వంగతోటలో
పూలు పుప్పొడి రాలుస్తాయంట.
రోజుకెన్ని తిరుగుళ్ళో లెక్కపెట్టబోయాను.
కిలోకింత అని ముచ్చికలు తీసేదాన్ని,
లెక్క నాకు అలవాటే.
ముప్ఫైకి కళ్ళు మండి మానేశాను.

అది లేనప్పుడు ఇంకోటి వచ్చేది.
నల్లటి ఒంటి మీద
నీలిమందు చిలకరించినట్టు చుక్కలు.
గోడ ముందు గాల్లో ఆగేది,
చెప్పులు విప్పాలా వద్దా అని
గుమ్మంలో చుట్టం ఆలోచించినట్టు.
లోపలికి పోయి
వక్కపలుకు నమిలేంతసేపట్లో బయటికి.
కాళ్ళకి రేణువు పుప్పొడి లేదు.
ఖాళీగా వచ్చి ఖాళీగా పోతుందనుకున్నాను.

లాంఫారంలో కూలికి పోయే దానియేలు చెప్పాడు:
"గుడ్డు పెట్టి పోయుద్ది అక్కా.
దాని పిల్ల ఇంటి పిల్లని చంపి
తల్లి దాచిన ముద్దంతా తినుద్ది."

చారలది ఆ సాయంత్రం కూడా వచ్చింది.
మట్టి తడిపి మూత పెట్టింది.
ఎంత నున్నగా పెట్టిందంటే
యేసోబు మేస్త్రీ వేలితో తడిమి
"తాపీ లేకుండానే!" అన్నాడు.

రాత్రి టార్చి పట్టుకుని చుక్కలదాన్ని వెతికాను.
వంగచేను గట్టున
ఎండు గడ్డిపుల్లని నోటితో కరిచిపట్టి
కాళ్ళు ముడుచుకుని
గాల్లో వేలాడుతూ నిద్రపోతోంది.
దానికి ఇల్లు లేదు.
తీసిన చెప్పు
మళ్ళీ వేసుకున్నాను.
ఎందుకని అడిగితే చెప్పలేను.

చైత్రంలో యేసోబు సిమెంటు బస్తాతో దిగాడు.
"ఆ వరస వదిలెయ్, జ్యేష్ఠం దాకా."
"పురుగులకా అమ్మా?"
చారల పిల్లల కోసమన్నాను.
మూడో దాని సంగతి చెప్పలేదు.

వైశాఖం, కరెంటు పోయిన మధ్యాహ్నం.
మూత మీద గీత పడింది.
ముందు మీసాలు, తర్వాత తల,
తడి ఆరని రెక్కలు.
చుక్కలు.

తెలిసిందే కదా,
అయినా గుండె జల్లుమంది.
అంచున నిలబడి ముఖం తుడుచుకుంది
ముందుకాళ్ళతో,
పొద్దున్నే లేచిన ఏ పిల్లయినా తుడుచుకున్నట్టే.
ఎంత నీలమో.
దాన్నే చూస్తూ
కారపు చేత్తో కన్ను నలుపుకున్నాను.
మంట తగ్గి చూసేసరికి లేదు.

సాయంత్రం యేసోబు గోడకి నీళ్ళు కొడుతూ
"ఇక పూడ్చనా?" అన్నాడు.

నాలుగోది ఇంకా తెరుచుకోలేదన్నాను.