నీళ్ల లెన్సు

నూనె లెన్సు మంచిదే,
చచ్చి గాజుకు అంటుకున్నవాటికి.

ఇవి యారాడ రాళ్లసందుల్లోంచి
మైలపిల్లి గురమ్మ పొద్దున్నే తెచ్చిన ముళ్లబంతి గుడ్లు.
ఇంకా ఉప్పునీళ్లలోనే ఉన్నాయి.
నీళ్ల లెన్సే బిగించాను:
నీళ్లలో ఉన్నదాన్ని నీళ్లగుండానే చూడాలి.

ఏసీ కట్టేశాను.
అది ఊదినప్పుడల్లా ఫోకస్ వెంట్రుకవాసి జారుతోంది.
దీపం నూటికి రెండు పాళ్లకు దించితే
తెర మీద బొమ్మంతా ఇసుక.
"ఏటీ కనబడ్డం లేదు సార్," ప్రసూన సణుగుడు.
నిన్న తేటగా చూశాం కదమ్మా,
వెలుగుకే వడదెబ్బ తగిలి
రెండవకుండానే ఆగిపోయాయి.

హార్బర్‌లో ఏదో ఓడ కూసింది.
నా చెమటకి ఐపీసు మసకేసింది.
తుడవకూడదు గానీ
చొక్కా కొసతోనే తుడిచి మళ్లీ వంగాను.

గుడ్డు నడుం దగ్గర
సన్నటి నొక్కు.

ప్రసూనా, కుర్చీ కదపకు.