మాటు వేసిన చోటు

ఫైలకా దీవి మీద, ఎండ ఇంకా ముదరని ఐదున్నరకి
జల్లెడలో మిగిలింది.
అరచేతిలో సగం.
చిన్నప్పుడైతే తొక్కుడుబిళ్ళకని కొట్టుకు చచ్చే సైజు.

బకెట్లో ముంచి టూత్‌బ్రష్‌తో రుద్దాను.
ఉప్పు వదిలింది, ఇసక వదిలింది,
నలుపు వదల్లేదు.
ఆ నలుపులో ఒక చీలమండ, చెప్పు వారు,
పరిగెత్తబోతూ లేచిన మడమ.
మిగతా మనిషి ఎక్కడ పడిపోయాడో.

"అది గీసిన కాలు కాదు ఓబులేసూ" అంది డాక్టర్ నుజూద్.
"చుట్టూ నల్లగా పూసి, కాలిని వదిలేశారు.
ఆ ఎరుపు మట్టిదే."
మధ్యాహ్నం ఖుబ్బూస్ నములుతున్నా ఆ మాటే నమిలాను.
వదిలేస్తే మనిషయ్యాడు.

మాది సారె తిప్పిన ఇల్లు.
రాయచోటి అవతల మా ఆవం ఆరి పద్దెనిమిదేళ్ళు,
మట్టి తవ్విన గుంట మీద ఇప్పుడు వాటర్ ప్లాంటు.
చెయ్యి మాత్రం మరవలేదు.
పెంకుని చెవి దగ్గర పెట్టి గోటితో మీటాను: ఖణేల్.
విరిగిన అంచుని నాలిక్కి ఆనించాను: పట్టుకోలేదు.
"మట్టిని మూడు నాలుగు సార్లు తేర్చారు మేడమ్.
మంట తెలిసినవాడు కాల్చాడు.
ఊరు మాత్రం నాకు తెలీదు."

ఊరు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు.
ఓ మూల చిన్న ముక్క కోసి, గాజుకి అతికించి,
వెలుగు అవతలికి కనిపించేదాకా అరగదీస్తారట.
అభ్రకం తళుకులెన్ని, సున్నమెంత,
ఏ కొండ కడుపులో ఏ పాలు.
ఏథెన్స్ మట్టితో, కొరింథు మట్టితో,
బస్రా దిగువ నది ఒండ్రుతో
వేలిముద్రల్లా పోలుస్తారట.
(నా సివిల్ ఐడీ రోజున మిషన్ మూడుసార్లు మళ్ళీ అంది.
సిమెంటు తినేసింది గీతల్ని.)

నాలుగు నెలలకి కాగితం వచ్చింది.
ఏథెన్స్.
అందరికీ ఏలకుల చాయ్.
పడవ నడిపే అబూ ఫహద్ ఒక్కటే అడిగాడు:
"అమ్మితే ఎంతొస్తుంది?"

కాగితంలో లేనిది ఒకటుంది.
చీలమండకి రెండు వేళ్ళ ఎడంగా
రెండు బెజ్జాలు.
పుట్టుకతో వచ్చినవి కావు, కాలాక తొలిచినవి,
అటు సగం, ఇటు సగం,
మధ్యలో మొనలు కలిసేలా, చెయ్యి వణక్కుండా.
ఒకదాంట్లో సీసం నలుసు ఇంకా ఉంది.

"మాటు!" అన్నాను, తెలుగులోనే.
అంటే ఏమిటని అడిగింది.
చెప్పడం రాక, మా వీధిలో ఖాదరు సాయిబు వేసే కేక వేశాను:
బిందెలకూ, బొక్కెనలకూ మాట్లేస్తా...మ్!
తొంభైలో యుద్ధమొచ్చి జనం పోయాక
తిరిగి రాని ఊరది.
తూటాలు తొలిచిన గోడలు
ఆ కేకని పట్టుకుని, కాసేపుంచుకుని, ఇచ్చేశాయి.

కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు.
ఆ సామెతలో మూడోవాడు లేడు,
పెంకులు ఏరుకుని గొంతుక్కూర్చున్నవాడు.

"ఏథెన్స్‌లోనే పగిలిందేమో, అక్కడే అతికారేమో" అంది ఆమె.
కావచ్చు.
పగిలిన గిన్నెని ఎవరైనా ఇన్ని నీళ్ళు దాటించి మోస్తారా?
మోస్తారేమో. నా ట్రంకుపెట్టెలో
పిడి విరిగిన కుండ చెక్క ఒకటుంది,
దేనికి తెచ్చానో నాకే తెలీదు.

సంచి మీద చీటీ నింపాను.
దొరికిన చోటు: ఫైలకా.
చేసిన చోటు: ఏథెన్స్.
మూడో గడి లేదు.
చీటీ వెనక్కి తిప్పి పెన్సిల్‌తో, తెలుగులో,
మాటు పడింది, ఊరు తెలీదు, మంచి పనివాడు
అని రాస్తుంటే
పడవ రెండో హారన్ కొట్టింది.