చేబదులు

పాకాల కాలువ తూము కింద ఏరిన ఆల్చిప్పను
అకీకు రాతి చిన్న రోట్లేసి నూరుతున్న.
పిండి అయినంక కూడా ఇంకా మెరుస్తున్నది,
మొండిది.

నర్సంపేట అవతల మాకు సున్నపు బట్టీ ఉండేది.
ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల
పేర్చి అగ్గి పెట్టేటోడు మా నాయిన ఓదెలు.
మొదటి గంటల లేసే పొగ వేరే.
వెంట్రుకలు మాడిన వాసన.
బర్రెలు సుత మొకం తిప్పుకునేటివి.
"అది జిడ్డు బిడ్డా,
జిడ్డు పోతేనే సున్నం" అనేటోడు.

ఇయ్యాల హన్మకొండల, మెట్లు దిగి పోయే గదిల
ఆ జిడ్డును వెతికేటందుకే
నాకు నెల నెలా స్కాలర్‌షిప్పు.

సోమవారం సోమవారం యూసుఫ్ మియా
తెల్లటి చలిపొగల నిలబడి నైట్రోజన్ పోస్తడు.
"జడపిన్ను తీసిపెట్టమ్మా,
కరెంటు పోయినా దీని పట్టు పోదు" అంటడు
పెద్దపులి గురించి చెప్పినట్టు.

చిటికెన వేలు కొసంత గొట్టంల
పొడిని కూరి, కూరి, మూత పెడత.
మా నాయినమ్మ సున్నపుకాయ యాదికొస్తది.
నిలువుగ పెడితే గోల,
అడ్డంగ పెడితే గోల.
యాభై నాలుగు డిగ్రీల మీద ఇంకొంచెం,
పడబోయే బొంగరం లెక్క ఒరిగి
సెకనుకు పదివేల చుట్లు తిరిగితేనే
అంగడి అసోంటి ఆ గోల్ల
ఒక్కొక్కల గొంతు విడివిడిగ తెలుస్తది.
గొట్టం ఈల వేస్తది.
పోయిన బుధవారం గాలి మిషిను ఆగి
ఈల కాస్త కీచుమని, పెంకులైంది.
పదిహేను వేల రూపాయల పెంకులు.
చీపురుతోటి ఊడ్చిన.

ఉదజని దగ్గర కొంత అయస్కాంతపు చిల్లర ఉంటది.
కర్బనం చేతులు ఖాళీ.
పక్కనున్నోళ్లకే ఇస్తది ఉదజని,
నాలుగిండ్ల అవతలోళ్లకు ఇయ్యది.
కాయితం లేదు, సాక్షి లేడు,
రెండు మిల్లీసెకన్ల చేబదులు.
మా అమ్మ ఎవరింట్ల బియ్యం బదులు తెచ్చిందో చూస్తే
మా గోడ ఎవరి గోడకు ఆనుకున్నదో తెలిసేది.
నా లెక్క గూడ అంతే.

మూడో రాత్రి తెల్లారగట్ల
తెర మీద ఒక బొడిపె లేచింది.
చిప్ప నడుమ రాయి పలకలే,
బదులిచ్చే దిక్కు లేదు దానికి.
పలికింది అంచున ఉన్న రాయి,
అదీ సూటిగ కాదు, నత్తి నత్తిగ, వెడల్పుగ.
అక్కడ వరస తప్పిన సున్నం ఉన్నది, తడి ఉన్నది,
రాయి అననీకి రాదు,
మాంసమననీకి రాదు.
రెండింటినీ పట్టుకున్నది మాత్రం అదే.
విలాసిని మేడం అద్దాలు ఎత్తి చూసి
"గరుకుగా ఉంది, మళ్లీ తియ్యి" అన్నది.
మళ్లీ తీసిన.
మళ్లీ అదే నత్తి.

పోల్చి చూసేటందుకు
సగం చిప్పను కొలిమిల పెట్టిన,
తొమ్మిది వందల డిగ్రీలు.
వరండా అంత అదే వాసన.
పిల్లలు కిటికీలు తెరిచిన్రు.
"ఎలుక చచ్చిందా?" అని యూసుఫ్ మియా బీరువాల కింద వంగిండు.
నేను కదలలే.
ముక్కు నిండా పీల్చుకున్న,
పదకొండేండ్ల పిల్లనై, బొగ్గు తట్ట పక్కన.

కాలిన పొడిని తిప్పితే
ఇరవై వేల సార్లు అడిగినా
గీత గీతలెక్కనే ఉన్నది.
ఒకలకు బాకీ లేదు, ఒకలు బాకీ లేరు.
మిగిలిన చిటికెడు మీద చుక్క నీళ్లు వేస్తే
బుస్సుమని కాగింది.
మంచి సున్నం.
నాయిన చూస్తే గంపకు ఇంత అని ధర కట్టేటోడు.

నమూనాల పుస్తకంల రాసిన:
పదిహేడు. పాకాల. కాల్చినది. సంకేతం లేదు.
పోయినది ఏమి, అని ఇంకొక గడి ఉంటది.
"జిడ్డు" అని రాసిన.
మేడం ఎర్ర గీత కొట్టి
పైన "సేంద్రియ పదార్థం" అని దిద్దింది.
గీత సన్నది.
కింది మాట కూడా కనపడుతున్నది.