ఎదురు బరువు

ఎత్తిన కిటికీ ఎత్తినచోట నిలవడం లేదని
కబురు పెట్టింది మిస్ పికర్స్‌గిల్.
లాంకాస్టర్‌లో రైలు వంతెన వెనక సందు.
చీపురు కర్ర ఊతం మీద
జానెడు తెరుచుకుని ఉంది కిటికీ,
మాట మధ్యలో ఎవరో వారించిన నోరులా.

థ్రెల్‌ఫాల్ గారి దగ్గర నాకది మూడో నెల.
చట్రం లోపలివైపు చిన్న తలుపుంటుంది,
రంగు మీద రంగు పూసి ఎప్పుడో మూసుకుపోయింది.
ఉలి మొనతో లేపి, మోచేతి దాకా చెయ్యి పెట్టి
గోడ కడుపులోంచి బయటికి లాగాను,
అప్పడాల కర్రంత ఇనప కడ్డీ.
తెగిన తాడు ముక్క ఇంకా మెడకే ఉంది.
నూట పాతికేళ్లుగా
కిటికీ పైకి పోతే ఇది కిందికి,
కిటికీ దిగొస్తే ఇది పైకి,
ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా.

"దీన్నేమంటారు, బ్రయనీ?"
బడి వదిలి ఇరవై ఏళ్లయినా
ఆవిడ చేతిలో ఇంకా సుద్దముక్క ఉన్నట్టే అడిగింది.
బరువు, అన్నాను.
"కౌంటర్‌పాయిజ్."
నాకు 'పాయిజన్' అని వినబడింది. ఆ మాటే అన్నాను.
నవ్వితే ఆవిడ టీ సాసర్లోకి తొణికింది.

"పాయిజ్ అంటే మొదట ఉత్త బరువే.
తర్వాత నిలకడ అయింది.
తర్వాత, నా చిన్నప్పుడు,
ఆడపిల్లలు నెత్తిన పుస్తకం పెట్టుకుని
గది ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం అయింది.
ఎదురు బరువు, అంతే. నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది.
ఏదీ, ఒక వాక్యం చెప్పు."

కడ్డీ తుప్పు తుడుస్తూ, ఆలోచించకుండానే చెప్పాను:
"మా నాన్న అరుపుకి మా అమ్మ మౌనం కౌంటర్‌పాయిజ్."

పిల్లి కుర్చీ మారింది.
"వ్యాకరణం బాగుంది," అంది ఆవిడ, కాసేపాగి.
"ఆ మౌనానికి ఆ అరుపు ఎప్పుడైనా ఆగిందా?"
లేదు.
"అయితే అది ఎదురు బరువు కాదమ్మా. ఉత్త బరువు."

నోట్లో మేకులు పెట్టుకున్న థ్రెల్‌ఫాల్
ఒక్కొక్కటే తీసి అరచేతిలో వేసుకున్నాడు.
ఆయన మాట్లాడబోయే ముందు అలాగే చేస్తాడు.
"పై రెక్కకి దాని బరువుకంటే ఒక పౌను ఎక్కువ కట్టాలి.
లేకపోతే జారుతుంది.
కింది రెక్కకి ఒక పౌను తక్కువ.
లేకపోతే మూసినా మూసినట్టుండదు.
సరిగ్గా సమానం కట్టావనుకో,
లారీ పోయినప్పుడల్లా కిటికీది దాని ఇష్టం."

"నిఘంటువులో సమానం అనే ఉంది," అంది ఆవిడ.
"నిఘంటువుకి కిటికీలు లేవు."

కొత్త తాడు తెల్లగా, మైనం వాసన.
ముడి నేనే వేశాను, రెండోసారికి కుదిరింది.
ఆవిడ ఒక్క వేలితో ఎత్తింది,
లోపల ఎక్కడో ఇనుము గోడని టక్కున తాకి దిగింది,
వేలు తీసేసినా రెక్క అక్కడే ఉంది.
చీపురు కర్ర ఇక నాకెందుకని నా చేతిలో పెట్టింది.
మోర్‌కమ్ బస్సులో దాన్ని పట్టుకుని కూర్చుంటే
ఒక పిల్లాడు ఎగరవా అని అడిగాడు.

ఇంటికెళ్లేసరికి నాన్న గొంతు లేచే ఉంది,
గ్యాస్ బిల్లు గురించో, నా బూట్ల బురద గురించో.
అమ్మ అదే చొక్కాకి రెండోసారి ఇస్త్రీ చేస్తోంది.
కర్ర గోడకి ఆనించి
ఒక మాటన్నాను. గట్టిగా కాదు.
ఒక పౌను ఉంటుందేమో.

ఆయన గొంతు దిగలేదు.
ఉన్నచోట ఆగింది.