మోత

గేర్‌బాక్స్ కిందికి దిగేసరికి మధ్యాహ్నం మూడయింది.
నవంబరు. హాయిక్‌లో అప్పటికే వీధిదీపాలు.
కారు కింద అట్టముక్క మీద వెల్లకిలా నేను,
ఛాతీ మీద ఇనుము, చెవిలోకి కారిన పాత నూనె.
పక్కింటి రోరీ టార్చి పట్టుకుని
సరిగ్గా నా కళ్లలోకే కొడుతున్నాడు వెలుతురు.

ఆరు బోల్టులు. ఐదు మాట విన్నాయి.
ఆరోదానికి రెంచి మీద గొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేసి,
మా అమ్మ వినకూడని మాట ఒకటి అన్నాక
కిర్రుమంది.

ఊడొచ్చింది ఫ్లైవీల్.
ముఖం మీద నీలిమచ్చలు, కమిలిన చోట్లు.
ఇరవై రెండేళ్లు ఈ ఊరి ఎత్తుల్లో
సగం క్లచ్ మీద నిలబెట్టిన పాపాలన్నీ
గుండ్రంగా రాసి ఉన్నాయి.
స్నానాలగది తూకం మీద పెట్టాం:
తొమ్మిది కిలోలు దాటి ముల్లు వణికింది.
కొత్తది నాలుగుంపావు.

"ఎన్ని గుర్రాలు పెరుగుతాయి?" అన్నాడు రోరీ.
ఒక్కటీ పెరగదు నాయనా.
ఉన్న గుర్రాల వీపు మీంచి
ఒక బస్తా దింపుతున్నాం. అంతే.

బరువు చెడ్డదని కాదు.
తిరగలి పైరాయి చూడు,
చెయ్యి ఆగినా అది ఓ అరచుట్టు తిరుగుతుంది
నీ బద్ధకాన్ని తన మీద వేసుకుని.
ఈ పాత చక్రమూ అంతే. నా తడబాట్లను
ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుంది.

కొత్తదాన్ని గుడ్డతో తుడిచి, మళ్లీ తుడిచి
(వేలిముద్ర కూడా అంటకూడదు, అంటితే జారుతుంది)
ఎదురెదురు బోల్టులు, టార్క్ రెంచి టిక్కుమనేదాకా.
క్లచ్ ప్లేటు నడిమధ్యకు రావడానికి
పెట్టెలో ప్లాస్టిక్ పుల్ల ఒకటి ఇస్తారు.
ఇంత పనికి ఇంత పుల్లా అని నవ్వాడు రోరీ.
అది లేక నేనోసారి తెల్లవార్లూ
గేర్‌బాక్స్‌తో కుస్తీ పట్టిన సంగతి చెప్పలేదు.

మర్నాడు శనివారం.
మాంసం దుకాణం ముందు ఎర్రదీపం.
పచ్చ. కారు చచ్చింది.
తాళం తిప్పాను. ఓ గంతు, ఓ దగ్గు, మళ్లీ చచ్చింది.
మూడోసారికి వెనకనుంచి హారన్.

ఇక్కడ చెప్పక తప్పదు: ఇరవై ఎనిమిదేళ్లు
ఈ ఊరికి డ్రైవింగ్ నేర్పింది నేనే.
వ్యాను దిగి వచ్చాడు గావిన్ టర్న్‌బుల్.
కిటికీ దగ్గర వంగి, మొహంలో నవ్వు రానీకుండా,
"మిసెస్ లేడ్లా, పాదం కింద గుడ్డు ఉందనుకోండి.
పగలకుండా వదలండి."
నా మాటే. అక్షరం మార్చలేదు.
తొంభై ఆరులో ఏడిపించి మరీ నేర్పాను వాడికి.

గుడ్డు అనుకున్నాను.
అరవై మూడేళ్ల ఎడమకాలికి
నాలుగు వీధుల పొడవునా అఆలు దిద్దించాను.

ఆ తర్వాత కొండదారి.
మూడు నుంచి రెండుకి, మడమతో చిన్న తట్టు,
అడగడం పూర్తికాకముందే ఇంజన్ జవాబిచ్చింది.
కాలు తీస్తే నిలవదు, టక్కున పడిపోతుంది గొంతు.
దాచుకున్నదేమీ లేదు దాని దగ్గర,
నా తప్పు నాకే, అక్కడికక్కడే, వెన్నులోకి.
వాన అడ్డంగా పడుతోంది. గొర్రెలు తలెత్తి చూశాయి.
అద్దాలకు ఆవిరి పట్టేంత నవ్వాను ఒక్కదాన్నే.

ఇంటి ముందు న్యూట్రల్‌లో ఆపితే
గేర్‌బాక్స్‌లో గలగల,
డబ్బాలో గచ్చకాయలు పోసి ఊపినట్టు.
రోరీ వాళ్లమ్మ కిటికీ తెరిచింది.
"ఏదో ఊడినట్టుంది!"
ఊడలేదమ్మా.
మోత తగ్గింది, అందుకే ఈ మోత.

క్లచ్ నొక్కాను. నిశ్శబ్దం.
వదిలాను. గచ్చకాయలు.

పాత చక్రం షెడ్డు తలుపుకి ఆన్చి ఉంది,
టెవియట్ నది మీంచి గాలి లేస్తే తలుపు కొట్టుకోకుండా.
అటు వెళ్లినప్పుడల్లా బొటనవేలికి తగులుతుంది.
తిడతాను. కదపను.