గ్రహణం మర్నాడు

గ్రహణం మర్నాడు మాకు గిరాకీ.

పనాయ్ దీవి పడమటి ఒడ్డున
వలలు ఆరేసే గుంజల పక్కన
మామ క్రిస్పులో దుకాణం:
ఒక దాగలి, మూడు సుత్తులు, బొగ్గుల కుంపటి,
మేకుకి నిరుటి క్యాలెండరు.

రాత్రి సముద్రంలోంచి బకునావా లేచింది.
ఒకప్పుడు చంద్రులు ఏడుగురట.
ఆరుగురిని మింగి, ఏడోవాడి కోసం
ఇంకా మూతి నాక్కుంటూనే ఉంది ఆ పాము.
ఊరు ఊరంతా వాకిళ్ళలోకొచ్చి
చేతికందిందల్లా బాదింది,
"మా చంద్రుణ్ణి మాకు కక్కెయ్!" అని
గొంతులు బొంగురుపోయేదాకా.

తెల్లారేసరికి చంద్రుడు క్షేమం.
గిన్నెలే, పాపం.

సొట్ట చూసి మామ మనిషిని చెబుతాడు.
ఇది గరిటె దెబ్బ.
అడుగంటిన అన్నం గోకినట్టు మెల్లగా కొట్టింది,
గిన్నె కొత్తది మరి.
ఇది రోకలి. తాగి ఉన్నాడు.
పాముతో పాటు పక్కింటివాణ్ణీ తిట్టుంటాడు.
ఈ చిన్న గుంటలన్నీ గులకరాళ్ళు, పిల్లలు,
పాము వెళ్ళిపోయాక కూడా ఆపలేదు.

బడిపంతులు అనిసెతో ఒక తపేలా తెచ్చాడు.
మొన్ననే బంతీ నారింజపండూ పట్టుకుని
భూమి నీడ సంగతి మాకు చెప్పినవాడు.
"చెయ్యి జారింది" అన్నాడు.
మామ తపేలా తిప్పి చూశాడు.
పదకొండుసార్లు జారింది.
ఏమీ అనలేదు.
కూలి మాత్రం పైసా తగ్గించలేదు.

పొద్దు వాలాక పురీసిమా వచ్చింది
చంకలో పాత సత్తు బిందెతో.
అడుగున కన్నం, మాటు వెయ్యాలి.
మామ అలవాటుగా చెక్కసుత్తి అందుకోబోతే
"ఆ సొట్ట జోలికి పోకు" అంది.
"అది రాత్రిది కాదు."

మామ బొటనవేలితో గుంట అంచు తడిమాడు,
ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి.
"ఎడంచేతి వాటం" అన్నాడు.
"ఊఁ" అంది.
ఇద్దరూ కాసేపు సముద్రం కేసి చూశారు.
నేను కుంపటి ఊదాను.

మాటు నేనే వేశాను, నా మొదటి మాటు.
చల్లారనిమ్మని బిందెని పక్కకి దొర్లించి
బయట ఇసుకలో పెట్టాను.
ఎప్పుడు కురిసిందో, ఎప్పుడు వెలిసిందో వాన,
చూస్తే ఆ గుంటలో పుడిసెడు నీళ్ళు,
నీళ్ళలో చంద్రుడు,
వెంట్రుకవాసి తరిగి,
సొంత చోటే అన్నట్టు.

"వీడు ఏడోవాడు కాడురా" అన్నాడు మామ,
బీడీ పొగలోంచి.
"ఆ ఆరుగురిలో ఒకడు."

గేటు దగ్గర పురీసిమా చెప్పుల చప్పుడు.
బిందె ఆమెకివ్వాలి.
నీళ్ళు ఒలకకుండా ఎలా ఎత్తాలో తెలియక
ఇసుకలో గొంతుక్కూచుని
రెండు చేతులూ దాని చుట్టూ చాపి
అలాగే ఉన్నాను.